దీర్ఘవ్యాధి, అంగవైకల్యము – తన స్థితిని తాను అంగీకరించుట

కొన్ని వ్యాధులు వచ్చి పోవును. మలేరియా జ్వరము, విరిగిన ఎముక వంటివి తగిన చికిత్సచే నయమగును. మరికొన్ని వ్యాధులు మనుష్యునితో కలిసియే యుండును. మధుమేహము, ఉబ్బసము, కీళ్లవాతము, పార్కిన్సన్ వ్యాధి, పోలియో వలన కలిగిన కాళ్ల బలహీనత, వెన్నుపాము దెబ్బ మొదలగునవి ఈ కోవకు చెందినవి. వీటి విషయమున "ఎప్పుడు నయమగును?" అను ప్రశ్నతోపాటు "దీనితో ఎట్లు జీవింపవలెను?" అను ప్రశ్న కూడ వేసికొనవలసి యుండును. ఈ రెండవ ప్రశ్నయే అంగీకారమునకు ఆరంభము.

శిఖరము నుండి చక్రాల కుర్చీకి

1965 మే 29వ తేదీన మేజర్ హెచ్.పి.ఎస్. అహ్లూవాలియా మరి ఇద్దరితో కలిసి ఎవరెస్టు శిఖరమును చేరిరి. ఆ శిఖరారోహణమున విజయము పొందిన తొలి భారతీయ యాత్రాబృందము వారిదే. ఆ సంవత్సరముననే, పాకిస్తానుతో జరిగిన యుద్ధకాలమున, తూటా తగిలి ఆయన వెన్నుపాము దెబ్బతినెను. అప్పటికాయనకు ముప్పది యేండ్లయినను నిండలేదు. నాటి నుండి ఆయన చక్రాల కుర్చీలోనే జీవింపవలసి వచ్చెను.

వెన్నుపాము మెదడునకును, అవయవములకును నడుమ వార్తలు చేరవేయు మార్గము. అది తెగినచో ఆ చోటికి దిగువనున్న అవయవములు కదలవు. స్పర్శ, నొప్పి తెలియవు. మలమూత్రములపై అదుపు తప్పును. పూర్వము ఇట్టివారు పుండ్లవలనను, మూత్రకోశ వ్యాధులవలనను కొలదికాలములోనే మరణించుచుండిరి. ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో 1944లో డాక్టరు లుడ్విగ్ గుట్మాన్ ఈ పరిస్థితిని మార్ప బూనిరి. వేళ తప్పక రోగిని పక్క మార్చి పరుండబెట్టుట, మూత్రకోశమును శుభ్రముగా నుంచుట, రోగికి పనియు, ఆటయు నేర్పుట ఆయన పద్ధతులు. 1948లో అచ్చట 16 మందితో జరిగిన విలువిద్యా పోటీయే నేటి పారాలింపిక్ క్రీడలకు మూలము.

అహ్లూవాలియా కూడ ఆ ఆసుపత్రిలో చికిత్స పొందిరి. 1973లో తన జీవితమును గూర్చి ఒక గ్రంథమును ప్రకటించిరి. తరువాత ఢిల్లీలోని వసంత్ కుంజ్‌లో భారతీయ వెన్నెముక గాయముల కేంద్రమును స్థాపించిరి. 2022లో ఆయన మరణించిరి; ఆ కేంద్రము నేటికిని రోగులకు సేవ చేయుచున్నది.

అందరును ఆసుపత్రులు స్థాపింపనక్కరలేదు. వ్యాధిగ్రస్తుడు గౌరవము పొందుటకు ఘనకార్యము చేసి చూపవలెనని కోరుటయు న్యాయము కాదు. ఈ చరిత్ర నుండి గ్రహింపదగినది ఒక్కటే: పోయిన శక్తిని లెక్కించుట మాని, ఉన్న శక్తితో చేయదగిన పనిని వెదకవలెను.

అంగీకారము అనగా నేమి?

వ్యాధిని అంగీకరించుట యనగా చికిత్స మానుట కాదు. దేహము యొక్క నేటి స్థితిని దాచక, తక్కువ చేయక, ఉన్నదున్నట్లు గుర్తించుటయే అంగీకారము. అది లేనిచోట చికిత్స కూడ సాగదు. నలుగురిలో ఇన్సులిన్ తీసికొనుటకు సిగ్గుపడు మధుమేహరోగి మోతాదు తప్పును. మెత్తని దిండు వేసికొని కూర్చుండుట అవమానమని తలచిన పక్షవాతరోగికి పిరుదులపై పుండు పడును. అది మానుటకు నెలలు పట్టవచ్చును. చెవి వినబడదని చెప్పుకొనలేని వృద్ధుడు క్రమముగా మాటలే మానివేయును. ఇట్టి సందర్భములలో వ్యాధికంటె సిగ్గే ఎక్కువ హాని చేయుచున్నది.

అంగీకారము ఒక్క దినమున కలుగదు. దుఃఖము, కోపము, అసూయ సహజముగా కలుగును. తగ్గినవనుకొన్న తరువాత మరల వచ్చును. అందులకు తన్ను తాను నిందించుకొనరాదు. అయితే విచారము, నిద్రలేమి, దేనియందును ఆసక్తి లేకుండుట రెండు వారములకు మించి సాగినచో వైద్యుని చూడవలెను. 14416 అను నంబరునకు ఫోను చేసి మానసిక సహాయమును తెలుగులో కూడ ఉచితముగా పొందవచ్చును. చనిపోవలెనను తలంపు కలిగినచో ఒక్క దినమైనను జాగు చేయరాదు.

ఢిల్లీ ఋతువులలో జాగ్రత్తలు

ఉద్యోగార్థమై తెలుగు ప్రాంతముల నుండి ఢిల్లీ, నోయిడా, గుర్‌గ్రామ్ నగరములకు వచ్చినవారికి అచ్చటి చలి క్రొత్త. స్పర్శ తెలియని కాళ్లను హీటరుకు గాని, కుంపటికి గాని దగ్గరగా నుంచరాదు, కాలినను తెలియదు. స్నానపు నీటి వేడిని స్పర్శ యున్న చేతితో పరీక్షింపవలెను. వేసవిలో మరియొక అపాయము కలదు. మెడవద్ద గాని, వీపు పైభాగమున గాని వెన్నుపాము దెబ్బతిన్నవారికి దిగువ భాగమున చెమట సరిగా పట్టదు, దేహము వేడెక్కును. వారు ఎండవేళ నీడపట్టున నుండి, తడిగుడ్డతో ఒడలు తుడుచుకొనవలెను. శీతకాలపు పొగమంచు దినములలో ఉబ్బసరోగులు ప్రాతఃకాల వ్యాహ్యాళి మాని, పీల్చు మందును వెంట నుంచుకొనవలెను.

కుటుంబము, సంఘము

అంగీకారము రోగి యొక్కని బాధ్యత కాదు. పసితనమున పోలియో సోకి, జీవితమంతయు చంకకర్రలతో నడచిన ఎస్. జైపాల్ రెడ్డి ఢిల్లీలో పార్లమెంటు సభ్యులుగను, కేంద్రమంత్రిగను పనిచేసి, 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారము పొందిరి. సభలో ఆయన మాటకు విలువ యుండెను గాని, నడకకు గాదు. ఇంటను, పనిచోటను ఇట్టి దృష్టియే కావలెను. మెట్లు మాత్రమే యున్న కార్యాలయము చక్రాల కుర్చీవానిని వెలుపల నిలుపును. అది అతని దోషము కాదు.

1995 నాటి చట్టము 7 విధముల వైకల్యములను గుర్తింపగా, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధములను గుర్తించినది. పార్కిన్సన్ వ్యాధి, తలసీమియా, హీమోఫీలియా వంటి దీర్ఘవ్యాధులును అందు చేరినవి. అర్హులు ధ్రువపత్రమును, ప్రత్యేక గుర్తింపు కార్డును పొందవలెను. హక్కును కోరుట యాచన కాదు.

గుర్తుంచుకొనవలసినవి

1. కదలలేనివారు పరుండినపుడు రెండు గంటలకొకసారి పక్క మారవలెను.
2. చక్రాల కుర్చీలో కూర్చున్నవారు 15 నుండి 30 నిమిషముల కొకసారి పిరుదులపై భారమును తప్పింపవలెను.
3. స్పర్శ లేని చోట్ల చర్మమును ప్రతిదినము అద్దము సహాయమున చూచుకొనవలెను.
4. బాగున్నట్లు తోచినను వైద్యుని సలహా లేక మందు మానరాదు.
5. శక్తికి తగినట్లు పనిని, విశ్రాంతిని పంచుకొనవలెను.
6. రోగి చేసికొనగల పనిని ఇతరులు చేయరాదు. చేయలేని పనికి సహాయము కోరుటకు రోగి వెనుదీయరాదు.