స తిరగబడితే ఆ అవుతుంది

ఆఫీసు రిక్రియేషన్ క్లబ్బులో అక్షరాల బిళ్లలతో పదాలు పేర్చే ఆట పెడుతుంటే, చూపు లేని సహోద్యోగిని ప్రేక్షకుడిగా కూర్చోబెట్టకండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ కొలువుల్లో దివ్యాంగులకు కనీసం 4 శాతం కేటాయించింది. అందులో 1 శాతం అంధులకు, చూపు తక్కువ ఉన్నవాళ్లకు. వినోదంలో అందరితో సమానంగా పాల్గొనే హక్కు కూడా ఆ చట్టం 29వ సెక్షన్‌లో ఉంది.

బిళ్లలు కొనే ముందు ఆ మనిషినే అడగండి. పెద్దయ్యాక చూపు పోయినవాళ్లలో చాలామందికి బ్రెయిలీ రాదు. వచ్చినవాళ్లుంటే, బిళ్లల మీద బ్రెయిలీ వేయడానికి మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో ప్రత్యేక ఉపాధ్యాయుల సాయం అడగండి.

తెలుగు బిళ్లల దగ్గర అసలు చిక్కు గుణింతాలూ ఒత్తులూ. అచ్చులో ‘స్త్రీ’ ఒకే అక్షరం. బ్రెయిలీలో అది ఆరు గడులు: సకు ముందు పొల్లు గుర్తు, తకు ముందు ఇంకోటి, ర, చివర ఈ. ఒక్కో గడికి ఆరు మిల్లీమీటర్లు వేసుకున్నా బిళ్ల మరీ పొడవవుతుంది. అందుకే హల్లుల బిళ్లలు వేరుగా, అచ్చుల బిళ్లలు వేరుగా చేయండి. క పక్కన ఇ పెడితే కి. చూపున్నవాళ్లకూ ఇదే నియమం పెట్టాలి. అప్పుడే అది ఒకే ఆట అవుతుంది.

ప్రతి బిళ్లకూ పై కుడి మూల కత్తిరించడం మరిచిపోవద్దు. బ్రెయిలీలో సకు 2, 3, 4 చుక్కలు. బిళ్ల తలకిందులైతే అవే 3, 4, 5 చుక్కలై ఆ అవుతాయి. మూల తగలగానే ఏది పైవైపో వేలికి తెలుస్తుంది.

కొద్దిపాటి చూపు ఉన్నవాళ్లకు అక్షరం లావు చేస్తే చాలదు, పెద్దది చేయాలి. ద, ధలకు తేడా కింద చిన్న గీతే. గీతలు లావెక్కితే ఆ తేడా పూడుకుపోతుంది. పసుపు మీద నలుపు, మెరుపు లేని కాగితం, భుజం వెనక నుంచి వెలుతురు ఉండాలి.

గడుల అంచులు ఎత్తుగా ఉన్న బోర్డు వాడండి. మీ క్లబ్బు జిన్నింగ్ మిల్లులో ఉంటే బిళ్లలకు వెల్క్రో పెట్టొద్దు, పత్తి నూగు పట్టి అతుక్కోవడం మానేస్తుంది. మిర్చి యార్డు నుంచి వచ్చినవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కునే కూర్చోవాలి, ఉత్త నీళ్లకు కారం పోదు. బిళ్లలకు అంటిన ఘాటు వాటిని తడిమి చదివే వేళ్లకు అంటుతుంది, ఆ వేళ్లు కంటికి తగిలితే మంటే.

ఆడేవాళ్లు నోరు విప్పాలి. “ఐదో వరుస, మూడో గడి నుంచి అడ్డంగా, మల్లె” అని చెప్పి, అక్షరాలు విడివిడిగా పలికి, పాయింట్లు పైకి లెక్కపెట్టాలి. ఇసుక గడియారం తీసేయండి. వెతుక్కుంటున్నవాళ్ల చేయి పట్టి లాగొద్దు, అడిగితేనే చెప్పండి.

బిళ్లలు తయారయ్యేదాకా ఆగక్కర్లేదు, అవధానంలో నోటితోనే ఆడే ఆట ఒకటుంది. నరసరావుపేట దగ్గరి కొప్పరం నుంచి వచ్చిన కొప్పరపు సోదర కవులు ఆశుకవిత్వానికీ అవధానానికీ పేరు మోసినవాళ్లు. ఆ అవధానంలోని నిషిద్ధాక్షరికి చెవి, జ్ఞాపకం చాలు. ఒకరు అక్షరం చెబుతారు, ఎదుటివారు తర్వాత రాకూడని అక్షరం చెబుతారు. దాన్ని తప్పించి అర్థమున్న మాట పూర్తి చేయాలి. టీ విరామంలో ఇద్దరుంటే చాలు, రేపే మొదలుపెట్టొచ్చు.