రొయ్యల చెరువునకు అడుగునేలయే ఆధారము

గ్రామపు చెరువులో మంచినీటి రొయ్యలను పెంచినచో పంచాయతీకి ఆదాయము చేకూరగలదు. అయితే రొయ్యపిల్లలను కొనుటకు ముందు చెరువు అడుగును పరీక్షింపవలెనని సభ్యులకు మనవి చేయుచున్నాము.

బొచ్చె పైనీటిలోను, శీలావతి నడినీటిలోను మేత వెదకును. గోదావరి, కృష్ణా నదులలో సహజముగా లభించు నీలకంఠ రొయ్య అట్లుగాక అడుగుననే ప్రాకుచు బ్రతుకును. పెరుగుచున్నకొలది పలుమారులు కుబుసము విడుచును. అపుడు దాని ఒడలు మెత్తగా నుండును. మరుగు లేకున్న తోటి రొయ్యలే దానిని తినివేయును. కనుక అడుగు చెడినచో, పైనీరు ఎంత తేటగా నున్నను పంట దక్కదు.

బంకమట్టి పాలు తగినంత గల నేల శ్రేష్ఠము. వట్టి ఇసుకనేల నీటిని నిలుపదు. దీనిని తెలిసికొనుట సులభమే. తడిమట్టిని పిడికిట ఉండచేసి, మూరెడెత్తు ఎగురవేసి పట్టుకొనుడు. ఉండ చెదరినచో ఇసుక హెచ్చని తెలియును. చెదరకున్నచో నడుములోతు గుంట త్రవ్వి, ఉదయము నిండుగా నీరు పోయుడు. సాయంకాలమునకు కొంత ఇంకును. మరల నింపి, ఆకులతో కప్పియుంచుడు. మరునాటి ఉదయమునకు నీరు చాలవరకు నిలిచియున్నచో ఆ నేల పనికివచ్చును.

పాత చెరువులలో బురద మరియొక చిక్కు. కుళ్ళిన ఆకులు, మిగిలిన మేత అడుగున పేరుకొని నీటిలోని ప్రాణవాయువును హరించును. మట్టి నల్లబడి కుళ్ళిన గ్రుడ్డు వాసన వేయుచున్నచో అందు విషవాయువు పుట్టుచున్నదని గ్రహింపవలెను. వేసవిలో నీరు తీసి, అడుగు నెఱ్ఱెలు విచ్చువరకు ఎండనిచ్చి, నల్లబురదను తొలగింపవలెను. పులుపు నేలయైనచో మట్టి పరీక్ష చేయించి, తగినంత సున్నము చల్లవలెను. నీరు పెట్టిన పిదప ఎండు కొబ్బరిమట్టలను కట్టలుగా అడుగున నుంచినచో మెత్తబడిన రొయ్యలకు మరుగు దొరకును.

నేల మంచిదైనంత మాత్రమున చాలదు. 1990 దశకమున నెల్లూరు జిల్లాలో విస్తరించిన ఈ పెంపకము 2000 తరువాత తెల్లతోక వ్యాధి మున్నగు కారణములచే దెబ్బతిన్నది. రోగములేని పిల్లలనే ఎన్నుకొనవలెను.

అడుగు చూడక పిల్లలను వదలినచో నష్టపోవునది గ్రామనిధియే. తగని చెరువునకు రొయ్యలు వద్దని సభలో చెప్పుట కూడ సభ్యుల బాధ్యతయేయని మా విశ్వాసము.