డేటా సెంటర్ వస్తుందంటే ఊరు ఎందుకు ప్రశ్నిస్తుంది?



పరీక్షా ఫలితాలు, స్కాలర్‌షిప్ దరఖాస్తు, రైలు టికెట్టు అన్నీ ఈనాడు మనం సెల్‌ఫోన్‌లోనే చూసుకుంటున్నాం. ఈ సమాచారం గాలిలో ఉండదు. ఎక్కడో ఒకచోట పెద్ద భవనంలో, వేలాది సర్వర్లలో భద్రంగా ఉంటుంది. ఆ భవనమే డేటా సెంటర్. దానికి భూమి, కరెంటు, నీరు కావాలి. ఈ మూడూ ఏదో ఒక ఊరి నుండే రావాలి. కావుననే ప్రపంచంలో అనేక చోట్ల ప్రజలు వీటిని ప్రశ్నిస్తున్నారు. అందుకు కారణాలేమిటి? ప్రశ్నించడం వల్ల ఏం జరిగింది? తెలుసుకుందాం.

కరెంటు, నీరు ఎందుకు?

సర్వర్లు రాత్రింబగళ్ళు ఆగకుండా పనిచేస్తాయి. పెద్ద డేటా సెంటర్ల సామర్థ్యాన్ని ఇప్పుడు గిగావాట్లలో చెబుతున్నారు. 1 గిగావాట్ అనగా 1000 మెగావాట్లు. అంత కరెంటు ఒక గంట వాడితే 10 లక్షల యూనిట్లు. రోజంతా వాడితే 2 కోట్ల 40 లక్షల యూనిట్లు!

పనిచేసే సర్వరు వేడెక్కుతుంది. దానిని చల్లబరచడానికి ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. మొదటిది నీటిని ఆవిరి చేసి చల్లబరచడం. ఆవిరైపోయిన నీరు తిరిగి ఊరి బోర్లకు రాదు. రెండవది గాలితో చల్లబరచడం. దీనిలో నీటి ఖర్చు చాలా తక్కువ, కరెంటు ఖర్చు ఎక్కువ. ఇవి కాక, కరెంటు పోయినప్పుడు నడిపే డీజిల్ జనరేటర్ల పొగ, శబ్దం కూడా ఉంటాయి.

చిలీ ప్రజలు ఏం చేశారు?

దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు మధ్య ప్రాంతాన్ని 2010 నుండి తీవ్రమైన కరువు పట్టి పీడించింది. ఇలాంటి సమయంలో, 2019లో, రాజధాని శాంటియాగో పరిధిలోని సెర్రియోస్ అనే చోట గూగుల్ సంస్థ డేటా సెంటర్ ప్రతిపాదించింది. కంపెనీ సమర్పించిన పత్రాలలో సెకనుకు 169 లీటర్ల భూగర్భ జలం అని ఉంది.

వినడానికి చిన్న సంఖ్యే. మేము లెక్క వేసి చూశాం. రోజంతా అదే వేగంతో తోడితే సుమారు 1 కోటి 46 లక్షల లీటర్లు! మన దేశంలో జల జీవన్ మిషన్ పల్లెలలో మనిషికి రోజుకు 55 లీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. ఆ లెక్కన అది 2 లక్షల 65 వేల మందికి సరిపడే నీరు.

స్థానికులు మొసాకట్ అనే సంఘంగా ఏర్పడి వ్యతిరేకించారు. అయినా 2020లో పర్యావరణ అనుమతి వచ్చింది. ప్రజలు వదలలేదు. 2024 ఫిబ్రవరిలో పర్యావరణ న్యాయస్థానం ఆ అనుమతిని పాక్షికంగా రద్దు చేసి, వాతావరణ మార్పు వల్ల భూగర్భ జలంపై పడే ప్రభావాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని చెప్పింది. 2024 సెప్టెంబరులో గూగుల్ ఆ ప్రాజెక్టును మళ్ళీ మొదటి నుండి, గాలితో చల్లబరిచే పద్ధతిలో రూపొందిస్తామని ప్రకటించింది. అంటే, నీరు తక్కువ వాడే దారి ఉంది. ప్రజలు గట్టిగా అడిగాకనే ఆ దారి బయటపడింది!

మన దగ్గర సంగతి

2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖపట్నంలో గిగావాట్ స్థాయి డేటా సెంటర్‌ను ప్రకటించింది. 5 సంవత్సరాలలో 15 వందల కోట్ల డాలర్ల పెట్టుబడి అని తెలిపింది. ఆ ఏడాదే ఆనందపురం మండలం తర్లువాడలో రైతులు భూసేకరణపై ఆందోళన చేశారు.

పెట్టుబడి వస్తే మంచిదే. కానీ కట్టేటప్పుడు పని దొరికినంత మందికి కట్టిన తరువాత దొరకదు. భూమి పోయిన కుటుంబంలోని చదువుకోని తల్లిదండ్రులకు సర్వర్ల గదిలో ఏ పని ఉంటుంది? మనలో చాలామంది ఇళ్ళకు ఉన్న ఆధారం ఎకరమో, అరెకరమో డి-ఫారం పట్టా భూమి. కాబట్టి ఇది మన పాఠం కూడా.

మనం తెలుసుకోవలసిన చట్టాలు

1. అసైన్డ్ భూమిని ప్రజావసరానికి వెనక్కి తీసుకుంటే, పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది.

2. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో డేటా సెంటర్‌కు ప్రత్యేక వర్గం పెట్టలేదు. భవన నిర్మాణాలకు అందులో ప్రజాభిప్రాయ సేకరణ నుండి మినహాయింపు ఉంది. అంటే, ఎవరో వచ్చి మనల్ని అడుగుతారని కూర్చుంటే కుదరదు.

3. 2005 సమాచార హక్కు చట్టం కింద మనమే అడగవచ్చు. సాధారణంగా 30 రోజులలో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు.

అడగవలసినవి నాలుగే: ఎవరి భూమి ఎంత? రోజుకు నీరు ఎంత, ఎక్కడ నుండి? కరెంటు ఎంత? స్థానికులకు శాశ్వత ఉద్యోగాలు ఎన్ని?

మిత్రులారా! ప్రశ్న అడగడం అభివృద్ధికి అడ్డుపడటం కాదు. మేము కంప్యూటర్ కోర్సులు చదవాలనుకునే వాళ్ళమే. కానీ ఆ కాగితాలు మన ఊరికి వచ్చిన రోజున సంతకం పెట్టే ముందు వాటిని చదివి చెప్పగలిగిన వాళ్ళు ఇంటింటా ఉండాలి. మన అమ్మానాన్నలు మనల్ని హాస్టల్‌కు పంపి చదివిస్తున్నది అందుకు కూడా.