పూత మీదున్న తోట

కాశీబుగ్గ,
22 ఫిబ్రవరి 2026.

చిన్నోడా,

నీ ఫోన్ వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదురా. ఫోన్లో నీతో నేను వాదించలేను. నేను ఒకటి అనేలోపు నువ్వు నాలుగంటావు, ఈలోగా మీ ఆఫీసు వాళ్ళు పిలుస్తారు. అందుకే కాగితం పట్టుకున్నాను. మొత్తం చదివాక కోప్పడు, ముందే వద్దు.

అమ్మ బాగానే ఉంది. శివరాత్రికి ఊరెళ్ళి రెండు రోజులుండి వచ్చాను. మన జీడితోట పూత మీదుంది. నూతి పక్క చెట్లకి పిందె దిగింది. గట్టు వార చెట్లకి మంచు తగిలి పూత నల్లబడింది. పిక్క రాలితే కనబడాలి కదా అని అమ్మ ఇప్పట్నుంచే చెట్ల కింద ఆకు ఊడుస్తోంది. తోట అమ్మే మాట ఆవిడకి నువ్వింకా చెప్పలేదని అర్థమైంది. నేనూ చెప్పలేదు. చీపురు పట్టుకుని ఉన్న మనిషికి ఏమని చెప్పనురా?

బ్రోకరు నీ చెవిలో ఏం ఊదాడో నాకు తెలుసు. ఇక్కడ అందరికీ అదే ఊదుతున్నారు. మార్గశిరంలో పట్టిన శుక్రమూఢం శివరాత్రి వెళ్ళాక వదిలింది, మే నెల నడిమికి అధిక జ్యేష్ఠం వచ్చేస్తుంది, ఉన్నవి ఈ మూడు నెలలే, ఉగాదిలోపు బయానా పడకపోతే స్థలం పోతుంది. ఇదే కదా? మూడు నెలలు ఆగిన జనమంతా ఒక్కసారి బయల్దేరితే బేరమాడే సందు ఎవరికుంటుంది చెప్పు. పైగా మన తోట అమ్మిపెట్టేదీ, నీకు టెక్కలిలో స్థలం కొనిపెట్టేదీ ఒకడే. రెండు చేతులా కమిషను వాడిది. తొందర వాడికి కాక ఇంకెవరికి?

మంచివాడే కావచ్చు. నేను కాదనను.

నా సంగతి చెప్తాను విను, నవ్వకు. మీ బావా నేనూ కాశీబుగ్గ శివార్లో మొదటి స్థలం కొన్నది ఇలాంటి ఫాల్గుణంలోనే. ఎండ తగలని పొద్దున పూట అప్పటి బ్రోకరు తీసుకెళ్ళాడు. నేల గట్టిగా, చదునుగా, హద్దురాళ్ళకి తెల్లగా సున్నం కొట్టి, పెళ్ళిపందిరిలా ఉంది. నేల మీద ఎండిపోయిన తుంగ మొదళ్ళు చెప్పుల కింద గరగరలాడుతున్నాయి. రైతు కూతుర్ని కదా, తుంగ ఎక్కడ మొలుస్తుందో నాకు తెలియదా? తెలుసు. కానీ ఆ పూట నా కళ్ళకి వంటగది ఎటు పెట్టాలా అన్నదే కనబడింది. పక్కన మేకలు కాసుకునే ముసలాయన "ఇక్కడేటి కడతారమ్మా" అన్నాడు కూడా. ఏదో పలకరింపనుకున్నాను.

శ్రావణంలో వెళ్ళి చూస్తే హద్దురాళ్ళు లేవు. నీళ్ళ కింద ఉన్నాయి. అది పాత గెడ్డ దారి. పూడ్చి రాళ్ళు పాతారు. ఆ స్థలం వదిలించుకోవడానికి మాకు తొమ్మిదేళ్ళు పట్టింది, అదీ సగం ధరకి. ఈ మాట అమ్మకి ఇప్పటికీ పూర్తిగా తెలియదు. చెప్పావంటే ఊరుకోను.

అందుకే అంటున్నాను, మన వైపు స్థలం ఫాల్గుణంలో చూస్తే చాలదురా. ఒక వానాకాలంలో కూడా చూడాలి. అన్నాళ్ళు ఆగలేనంటావా, అయితే పక్క ఇళ్ళ గోడల మీద నీటిచార ఎంత ఎత్తున ఉందో చూడు, మేకలు కాసేవాణ్ణి అడుగు. నూతిలో నీళ్ళు చైత్రం, వైశాఖాల్లో నోట్లో పోసుకుని చూడు. ఉద్దానం పిల్లాడివి, నీళ్ళ గురించి నీకు నేను చెప్పాలా? మన ఊళ్ళో ఎన్ని ఇళ్ళల్లో కిడ్నీలు పోయిన మనుషులున్నారో నీకూ తెలుసు.

రెండో తప్పు ఇంకా పెద్దది. తిత్లీ తుఫాను గుర్తుందిగా, 2018 అక్టోబరు 11. తెల్లారేసరికి మా అత్తవారి కొబ్బరితోట దువ్వెనతో దువ్వినట్టు ఒక్కవైపుకి పడిపోయింది. కార్తీకంలోనే ఒకాయన వచ్చి నేల కొంటాను, మొద్దులు తీసే ఖర్చు నాదేనన్నాడు. ఏడుపు మొహాలతో అరవై సెంట్లు రాసిచ్చేశాం. ఆయన ఆ ఏడే మొక్కలు పెట్టాడు. ఇప్పుడు కాపుకొచ్చాయి. ఆ గట్టు మీంచి వెళ్ళాల్సి వస్తే నేను తల తిప్పుకుంటాను. నేల ఎక్కడికీ పోలేదు, చెట్లే పోయాయి. ఆ మాట ఆ రోజు మాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాళ్ళం కాదేమో.

మన తోట సంగతికి వస్తే, పూత మీద బేరం పెట్టకురా. పూత బాగుంటే కొనేవాడు "మంచు కొడితే ఏం మిగుల్తుంది" అంటాడు. బాగోకపోతే "ఈ చెట్లలో ఏముంది" అంటాడు. ఎలాగైనా ధర కిందికే. వైశాఖానికి పిక్క ఏరడం అయిపోతుంది. ఎనభై కేజీల బస్తాలు ఎన్నయ్యాయో, పలాసలో ఎంతకి పోయాయో చీటీలు చేతిలో పెట్టుకుని మాట్లాడు. అమ్మక తప్పదంటే అగ్రిమెంటులో ఈ ఏటి ఫలసాయం ఎవరిదో ఒక్క ముక్క రాయించు. బయానా ఫాల్గుణంలో, రిజిస్ట్రేషను జ్యేష్ఠంలో అయితే మధ్యలో రాలే పిక్క మీదే తలకాయలు పగులుతాయి. మనూళ్ళో పగిలాయి కూడా.

టెక్కలి స్థలం పోర్టు చూసుకుని అంటున్నావు. భావనపాడు పోర్టు, భావనపాడు పోర్టు అని ఏళ్ళ తరబడి విన్నాం. చివరికి 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది మూలపేటలో. పోర్టు వద్దనడం లేదు, వస్తే సంతోషమే. కానీ పటం మీద చుక్క అటూ ఇటూ జరిగితే నీ ఈఎంఐ జరగదుగా. ఎయిర్‌పోర్టు మాట మందస, వజ్రపుకొత్తూరు వైపు మొదలైంది, రైతులు తోటలిచ్చేది లేదంటున్నారు. ఇలాంటి చోట ధర తక్కువ చూపించి రాయించుకుందామని ఎవడైనా అంటే లేచి వచ్చెయ్. 2013 చట్టం ప్రకారం రేపు భూసేకరణ వస్తే పరిహారం లెక్కకట్టేది ప్రభుత్వ విలువలూ, చుట్టుపక్కల దస్తావేజులూ చూసే. తోట బయానా నోట్లుగా పుచ్చుకోకు. ఇరవై వేలు, ఆపైన చేతికి తీసుకుంటే అంతకంత జరిమానా పడొచ్చు.

రిజిస్ట్రేషన్ విలువలు మళ్ళీ పెరుగుతాయని భయపెట్టాడన్నావు. నిరుడు ఫిబ్రవరి 1న పెంచినప్పుడు జనవరి ఆఖర్లో జనం ఆఫీసుల ముందు తోసుకున్నారు. లెక్క వేసి చూడు. స్టాంపులూ ఫీజూ కలిపి నూటికి ఏడున్నర. ఇరవై లక్షలకి లక్షన్నర. విలువ నూటికి పది పెంచినా నీకు ఎక్కువయ్యేది పదిహేను వేలు. ఆ పదిహేను వేలకి భయపడి ఈసీ చూడకుండా, లింకు దస్తావేజులు చదవకుండా, అది డి-పట్టా భూమేమో, నిషేధిత భూముల 22-ఎ జాబితాలో ఉందేమో కనుక్కోకుండా సంతకం పెడతావా? డి-పట్టా అమ్మకాన్ని 1977 చట్టమే నిషేధించింది, తర్వాత కొన్నిటికి సడలింపు వచ్చినా నువ్వు కొనేది అందులో ఉందో లేదో చూసుకోవాలి. మార్చి 31 అని బ్యాంకు వాళ్ళూ తరుముతారు. వాళ్ళ లెక్కల గడువు నీ నెత్తినెందుకురా?

తిట్టినట్టుంది కదూ. లేదురా. నీకంటూ ఇల్లుండాలని నాకు లేదా? మరదలు పిల్ల అద్దె ఇళ్ళల్లో సామాన్లు సర్ది సర్ది విసిగిపోయిందని తెలుసు. కొనుక్కో. కానీ ఈ ఉగాదికే కొనాలని ఎవరు రాశారు?

ఇంకో సంగతి, నవ్వుతూనే చెప్తున్నాను. నాన్న వీలునామా రాయలేదు. తోటలో అమ్మకీ, నాకూ కూడా వాటా ఉంది. నా వాటా నాకొద్దని నాన్న పోయిన రోజే అన్నాను, ఇప్పుడూ అదే మాట. అయినా రిజిస్ట్రారు ముందు మేమిద్దరం సంతకం పెట్టాలి. నేను ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను. అమ్మ సంతకం మాత్రం నువ్వే అడుగు. ఉగాదికి రా. చెట్ల కింద కూర్చుని, ఆవిడ చేతిలో చీపురు లేనప్పుడు చూసి అడుగు.

బస్సులో వస్తున్న మన ఊరి కుర్రాడికి డబ్బా ఇచ్చాను. పచ్చి జీడిపప్పు. అమ్మ చేతులకి బూడిద రాసుకుని ఒలిచింది, అయినా బొటనవేలు పొక్కింది. ఫ్రిజ్‌లో పెట్టమని మరదలికి చెప్పు. రెండు రోజుల్లో వండేయాలి, ఆపైన రుచి పోతుంది.

మీ అప్ప