పెరటి కోళ్లకు గ్రుడ్లు తెప్పింపవలెనా, పిల్లలనా?

పెరటిలో కోళ్లను పెంచదలచిన సభ్యులు ముందుగా మమ్మడుగు ప్రశ్న యిదియే. గ్రుడ్ల వెల తక్కువ. అయినను వెల నొక్కదానినే చూచి వానిని కోరుట మేలు గాదు.

తొలుత మేమును పొరబడితిమి. గ్రుడ్లు వచ్చినవి, పొదుగుటకు పెట్ట లేదు. పెట్ట దొరకుసరికి రెండు వారములు గడచినవి. పెక్కు గ్రుడ్లు మురిగిపోయినవి. కావున నాటుపెట్ట పొదుగుటకు కూర్చుండిన పిదపనే గ్రుడ్లకు వ్రాయుడు. పెట్టి 7 దినములు దాటని, పగుళ్లు లేని గ్రుడ్లనే తీసికొనుడు, వానిని కడుగరాదు. లావుకొన పైకుండునట్లు చల్లనిచోట నొక దినముంచి, పెట్టక్రింద 10, 12 మాత్రమే పెట్టుడు. 21 దినములకు పిల్లలగును. అన్నియు పొదుగవు, పొదిగినవానిలో సుమారు సగము పుంజులు.

పొదుగు పెట్ట లేనివారు పిల్లలనే కోరవలయును. అప్పుడే పుట్టిన పిల్ల కడుపులోని పచ్చసొన బలమున రెండు దినముల ప్రయాణమున కోర్చును. చేరినంతనే నీరు, మేత, తొలివారము సుమారు 35 సెంటీగ్రేడు డిగ్రీల వెచ్చదనము అవసరము. మారెక్సు టీకా వేసిరో లేదో యడిగి తెలిసికొనుడు. పిల్లల పెట్టె సాధారణముగ 100కు తగినది. నలుగురు కలిసి కోరిన సుకరము.

హైదరాబాదులోని కేంద్రప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజ, గ్రామప్రియ పెరటికి తగినవి. ఇవి సంకరములు. ఇంట వీని గ్రుడ్లను పొదిగించిన తల్లిగుణము నిలువదు, మరల తెప్పింపవలసినదే.

ముందు గూడు సిద్ధపరచి, పిదప సొమ్ము పంపుడు.