దూడకు మొదటి కొన్ని గంటలు

మినీ ప్రాజెక్టుకి ఏం చేద్దామని బ్యాచ్‌లో మాట్లాడుకుంటుంటే, "మా ఇంట్లో గేదెలున్నాయి కదా, మెడకి సెన్సర్ పట్టీ కడదాం" అన్నాను. నడకనీ నెమరునీ లెక్కపెట్టి ఎదనీ జబ్బునీ పసిగట్టే పట్టీలు పెద్ద డెయిరీల్లో ఇప్పటికే ఉన్నాయి. సెలవులకి ఇంటికెళ్లి చెబితే, అమ్మ పాలు పితుకుతూనే అడిగింది: "పోయినేడు చచ్చిపోయిన దూడ లాంటిదాన్ని బతికించేదేమైనా ఉందా?"

ఆ దూడ సంగతి నాకు తెలుసు. గేదె రాత్రిపూట ఈనింది. మాయ పడేదాకా ముర్రుపాలు తాగించకూడదని మా ఊళ్లో మాట. మాయ తెల్లారాక పడింది. అప్పటిదాకా దూడ ఖాళీ కడుపుతోనే ఉంది. వారం తిరిగేసరికి పారుడు పట్టుకుని పోయింది. ఆ ఆలస్యమే చంపిందని ఖాయంగా చెప్పలేను గానీ, చదివాక మనసు ఆగలేదు.

మనిషి బిడ్డకి తల్లి యాంటీబాడీలు కడుపులో ఉండగానే మాయ ద్వారా అందుతాయి. ఆవు, గేదెల్లో అవి మాయను దాటవు. దూడకి ఆ రక్షణ ముర్రుపాల నుంచే రావాలి. దూడ పేగు ఆ పెద్ద ప్రొటీన్లని ఉన్నవున్నట్టు రక్తంలోకి పంపేది పుట్టిన కొద్ది గంటలే. గంటగంటకీ ఆ దారి మూసుకుపోతూ, 24 గంటలకి దాదాపు పూర్తిగా మూతపడుతుంది. అందుకే దూడ బరువులో పదో వంతు ముర్రుపాలు వీలైనంత త్వరగా తాగించమంటారు. 30 కిలోల దూడకి 3 లీటర్లు, రెండు విడతలుగా. మాయ కోసం ఆగక్కర్లేదు. దూడ కుడిస్తే తల్లిలో ఆక్సిటోసిన్ ఊరి గర్భసంచి ముడుచుకుంటుంది, మాయ పడటానికీ అది సాయమే.

ముర్రుపాలు చిక్కనివో కావో చూడటానికి చెరకు రసంలో తీపిని కొలిచే బ్రిక్స్ రిఫ్రాక్టోమీటర్ చాలు. ఒక్క చుక్క వేసి వెలుగు వైపు చూడటమే. ఆవు ముర్రుపాలకి 22 శాతం దాటితే మంచివని లెక్క. బ్యాటరీ కూడా అక్కర్లేదు.

మామూలు రోజుల్లోనూ దూడ లెక్క వేరే. పాల కేంద్రంలో వెన్న శాతాన్ని బట్టి డబ్బు. వెన్న ఎక్కువుండేది చివరి ధారల్లో. చేపు కోసం కాసేపు విడిచి లాగి కట్టేస్తే, దూడకి దక్కేవి మొదటి పలచటి పాలే. కేంద్రంలో మిషను వెన్నని కొలుస్తుంది, దూడ ఆకలిని కొలవదు. అలాగని అమ్మని ఏమంటాం? నాలుగింటికి లేచి పేడ తీసి, పితికి, కేంద్రానికి పరుగెత్తేది తనే. ఆ డబ్బుతోనే నా ఫీజు.

మా ప్రాజెక్టు మారింది. ఈనే వేళ గేదె తోక పదేపదే ఎత్తుతుంది. ఆ కదలికని పసిగట్టి ఫోన్ మోగించే చిన్న సెన్సర్ తోకకి కట్టాలని అనుకుంటున్నాం. చెబితే అమ్మ నవ్వి, "ఫోన్ మోగితే లేవాల్సింది మళ్లీ నేనే కదరా" అంది.

అందుకే మొదటి నంబరు నాన్నది పెట్టాను.