నైవేద్య మధురములు - పరిమళ ద్రవ్యములు

సికింద్రాబాదు రైల్వే స్టేషనుకు సమీపముననున్న మోండా మార్కెట్టు జంటనగరవాసులకు చిరపరిచితము. కూరగాయలు, పూలు, పూజాద్రవ్యములు, పచారీ సరుకులు అన్నియు అచ్చట లభించును. పండుగ ముందునాడు చక్కెర పొంగలికై పచ్చకర్పూరము కొనువారును, హారతికై కర్పూరపు బిళ్లలు కొనువారును అచ్చట కనిపింతురు. రెండింటి పేరును కర్పూరమే, వాసనయు దగ్గరిదే. వినియోగము మాత్రము వేరు. ఈ భేదమును ప్రతి గృహస్థుడును ఎరుగవలెను.

ఏలయన, నివేదనకు పూర్వము ప్రసాదమును రుచి చూడరాదు, వాసన చూడరాదు అనునది మన ఆచారము. వంట ముగిసిన పిదప దోషమును కనుగొనుటకు తావులేదు. కావున శుద్ధి అంగడిలోనే ఆరంభము కావలెను.

తిరుమలలో శ్రీవారి చుబుకమున అలంకరించునది, తీర్థమునకు పరిమళమిచ్చునది పచ్చకర్పూరము. పూర్వము ఇది సుమత్రా, బోర్నియో ద్వీపములందలి మహావృక్షముల కాండముల నుండి లభించెడిది. హారతి కర్పూరమునకు మూలము తూర్పు ఆసియా దేశములందలి వేరొక వృక్షము. నేడది అధికముగా టర్పెంటైను తైలము నుండి కర్మాగారములలో తయారగుచున్నది. అది వెలిగించుటకే గాని భుజించుటకు కాదు. కడుపులోనికి పోయినచో విషమై పసిబిడ్డలకు మూర్ఛలు కలిగించును. కావున తినుటకు యోగ్యమని ముద్రించి, ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య గల సీసానే కొనవలెను. దానినైనను గిన్నెడు పొంగలికి ఆవగింజంతకు మించి వాడరాదు. మిగిలినదానిని పిల్లలకు అందనిచోట ఉంచవలెను.

ఏలకులు మన పడమటి కనుమలలో పండును. వాని సుగంధతైలము తొక్కలో కాక గింజలలో ఉన్నది. నూరిన పొడి నిలువయున్నకొలది వాసన కోల్పోవును. కావున కాయలుగా కొని, అప్పటికప్పుడు నూరుట మేలు.

కుంకుమపువ్వు కాశ్మీరదేశపు పంట. ఒక్కొక్క పూవునకు మూడే కీలాగ్రములుండును. కిలో కుంకుమపువ్వునకు సుమారు లక్షన్నర పూవులు కావలెను. ఇంత ప్రియమైన వస్తువునకు నకిలీలుండుట సహజము. గోరువెచ్చని నీటిలో వేసినపుడు మేలైనది మెల్లమెల్లగా పసుపువన్నె విడుచును, రేకు ఎఱ్ఱగనే నిలుచును. రంగు పూసినది క్షణములో ఎఱ్ఱని నీరు విడిచి తాను వెలవెలబోవును.

ఈ పరిమళములన్నియు వేడికి ఎగిరిపోవు తైలములు. కావున ఏలకుల పొడి, పచ్చకర్పూరము పాత్రను పొయ్యి దింపిన పిదపనే కలుపవలెను. కుంకుమపువ్వును గోరువెచ్చని పాలలో నానబెట్టి చేర్చవలెను.

ఖరీదైన ద్రవ్యములు లేనిచో నివేదనకు లోపమా? కాదు. శ్రీరామనవమి పానకమున బెల్లము, మిరియాలు, ఏలకులు మాత్రమే కదా! మంగళగిరి నృసింహస్వామి పానకమునే ప్రీతితో స్వీకరించుచు పానకాలస్వామి యని ప్రసిద్ధి చెందెను. స్వామికి సమర్పించినది తిరిగి మన బిడ్డల చేతికే ప్రసాదముగా వచ్చును. కావున సందేహాస్పదమైన సుగంధముకన్న, సుగంధము లేని శుద్ధమైన బెల్లపు పొంగలియే శ్రేష్ఠము.